ఉక్కు వాకిట పాలులేని వంట

విశాఖపట్టణమునుండి అనకాపల్లికి పోవు పెద్దబాటలో గాజువాక దాటినపిమ్మట కూర్మన్నపాలెము కూడలి వచ్చును. ఇచ్చటనుండి ఒకదారి దువ్వాడ రైలుస్టేషనునకును, వేరొకదారి ఉక్కునగరమునకును, అందుండి విశాఖ ఉక్కు కర్మాగారమునకును పోవును. పేరునకు పాలెమే కాని నేడిది మహావిశాఖ నగరపాలక సంస్థలో చేరిన పట్టణభాగము. శ్రీకూర్మనాథుని తలచి కూర్మన్న యనియు, సింహాద్రినాథుని తలచి అప్పన్న యనియు బిడ్డలకు పేరు పెట్టుట ఈ సీమవారి పాతవాడుక. ఆ పేరొకటి ఈ యూరికి నిలిచినది. లారీల రొదయు, బస్సుల తొందరయు, పనివేళ మారునప్పుడు కర్మాగారమునకు పోవువారి బారులును ఇచ్చటి నిత్యదృశ్యములు.

యాత్రయనగా గుడియో, జలపాతమో, సముద్రతీరమో ఉండవలెనని తలచు సోదరీమణులకు, ఇచ్చట చూడదగినదేమున్నదను సందేహము కలుగవచ్చును. మేము చూడబోయినది వంటయిండ్లను. పాలు, పెరుగు, నేయి, గ్రుడ్డు, మాంసము, తేనె మొదలగు జంతుసంబంధమైన పదార్థమేదియు చేరని ఆహారమును నేడు వీగన్ ఆహారమనుచున్నారు. 1944 నవంబరులో ఇంగ్లండు దేశమున డొనాల్డ్ వాట్సన్ అను నాతడును, ఆతని మిత్రులును కూడి ఒక సంఘము స్థాపించినప్పుడు ఈ మాట పుట్టినది. మన నగరములలో ఈ మాట సాధారణముగా బాదముపాలు, సోయాపాలు, అందమైన పొట్లములలో వచ్చు ఖరీదైన సరుకులు అను వానితో జతపడి వినవచ్చుచున్నది. అట్టి సరుకులేవియు లేకయే, మాట తెలియకయే, అటువంటి వంటతో తరతరములు గడపిన కుటుంబములు ఈ కూడలి చుట్టుపట్ల కలవు. వారి వంట ఎట్టిది, దానిలో మనము గ్రహింపదగినదేమి, జాగ్రత్తపడదగినదేమి అని తెలిసికొనుటయే మా ప్రయాణమునకు కారణము.

ఈ యూరిని గూర్చి చెప్పునప్పుడు ఉక్కుమాట చెప్పక తీరదు. 1966లో “విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు” అను నినాదముతో తెలుగునాడంతయు కదలినది. ఆ యుద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. ఈ నడుమ సముద్రపుటొడ్డునను, మెట్టలమీదను ఉన్న అనేక గ్రామములు ఖాళీయైనవి. వేలకొలది కుటుంబములవారు పుట్టినయిల్లు, దున్నిన చేను, తాటితోపు విడిచి అగనంపూడి, పెదగంట్యాడ మొదలగు చోట్ల వెలసిన కాలనీలకు చేరిరి. వారికిచ్చిన గుర్తింపు కాగితమునుబట్టి వారిని నేటికిని ఆర్ కార్డువారందురు. 2021లో కర్మాగారమును ప్రైవేటుపరము చేయుదురను వార్త వచ్చినపిమ్మట, ఈ కూర్మన్నపాలెము కూడలిలోనే శిబిరము వేసి కార్మికులు వంతులవారీగా నిరాహారదీక్షలు సాగించిరి. అన్నము కొరకు అన్నము మానిన చోటిది.

అట్టి కాలనీ ఒకదానిలో, పాతయూరు విడిచి వచ్చిన ఒక వృద్ధురాలితో మేము కొంతసేపు ముచ్చటించితిమి. చిన్ననాట మీయింట పాలు సమృద్ధిగా ఉండెడివా అని అడుగగా ఆమె నవ్వి, “గేదుండేది గాని, పాలు అమ్ముకోడానికే తల్లీ, తాగడానికేటి? మాకు అంబలుండేది, గంజుండేది” అనెను. ఈ సీమలో రాగులను చోళ్ళందురు. చోళ్ళ అంబలి, గంటెల అన్నము, ఉలవచారు, తోటకూర పులుసు, పచ్చిమిరపకాయయు ఉల్లిపాయయు నంచుకొనిన చద్దియన్నము - ఇవి ఆమె చెప్పిన నిత్యభోజనము. మజ్జిగకు బదులు తరవాణి ఉండెడిదట. వార్చిన గంజిని, బియ్యము కడిగిన నీటిని కుండలో పోసి పులియబెట్టునదే తరవాణి. వేసవిలో దానిని మించిన చలువ లేదని ఆమె నమ్మకము. తాటిపండ్ల కాలమున పండ్లను పిసికి రసము తీసి, బియ్యపురవ్వయు బెల్లమును కలిపి, దళసరి పాత్రలో పోసి, క్రిందను మూతమీదను నిప్పులుంచి తాటిరొట్టె కాల్చెడివారట. “తోపు పోయింది, రొట్టీ పోయింది” అని ఆమె ముగించెను. కట్టడములకు పరిహారము లెక్కకట్టవచ్చును, చెట్లకును కట్టవచ్చును. ఆ చెట్టును నమ్ముకొనిన వంటకమునకు లెక్క ఎవరు కట్టగలరు?

ఐనను ఈ భూమి నేటికిని గొడ్డుబోలేదు. గాజువాక సంతకు పోయి చూచినచో ఈ సీమ వంటకు పాలేల అవసరము కాలేదో తెలియగలదు. అనకాపల్లి బెల్లము దిమ్మలుగా వచ్చును. సింహాచలము కొండ పనసకాయలు, అనాసపండ్లు ఎండకాలమున కుప్పలు పడియుండును. శ్రీకాకుళము వైపునుండి పలాస జీడిపప్పు వచ్చును. కొబ్బరి, నువ్వులు, వేరుసెనగలు, అలసందలు, ఉలవలు, గోగుకూర, బచ్చలికూర, మునగాకు సమృద్ధిగా దొరకును. పనసకాయను సన్నగా కొట్టి, ఉడికించి, చింతపండు పులుసుతో కలిపి, ఆవపిండి పెట్టిన కూర ఈ సీమవారి పెండ్లివిందులలో పేరుపొందినది. దానిలో నేతిచుక్క పడకున్నను ఎవరును లోటు తలపరు. పులిహోర, గారె, ఆవిరికుడుము, నూనెలో వేచిన పూర్ణపుబూరె, నువ్వుల చిమ్మిలి - ఇవన్నియు పాలెరుగని పండుగవంటలే.

మన ఆచారములలోను పాలు మానుట వింత కాదు. చాతుర్మాస్య వ్రతము పట్టువారు శ్రావణమున కూరలు, భాద్రపదమున పెరుగు, ఆశ్వయుజమున పాలు, కార్తికమున పప్పుధాన్యములు విడుతురు. ఒక్కొక్క మాసము ఒక్కొక్క వస్తువును విడిచి, దానికి బదులు వేరొకదానితో వంట నడపుట మన పెద్దలు ఎరిగినదే. కావున వీగన్ అను మాట క్రొత్తదైనను, ఆ పని మన వంటయింటికి క్రొత్తది కాదు.

అయితే ఇచ్చట ఒక సంగతి దాచక చెప్పవలసియున్నది. వ్రతముగా మానుట వేరు, దొరకక మానుట వేరు. మనయిండ్లలో పాలు పిల్లలకు, పెరుగు మగవారికి పోగా, చివరకు గిన్నె గీకి కూర్చుండు ఇల్లాలి విస్తరిలో పాలులేని భోజనమే కాక, పప్పులేని, కూరలేని భోజనమును మిగులుచున్నది. ఆమె ఎన్నడును ఆ మాట పలుకక వీగన్‌గానే బ్రతికినది. కాని నిండుగా తిని కాదు. దాని ఫలితము లెక్కలలో కనబడుచున్నది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనత కలవారు. అనగా ప్రతి ఐదుగురిలో ముగ్గురు. రక్తహీనతకు కారణములలో ముఖ్యమైనది ఇనుము చాలకపోవుట.

ఈ యూరిలో నిలిచి ఈ మాట తలచినప్పుడు మనసు కలగక మానదు. బైలదిల్లా కొండలనుండి ఇనుపరాయి రైళ్ళపై వచ్చి ఇచ్చటి కొలుములలో కరగుచున్నది. ఏటికి 73 లక్షల టన్నుల ఉక్కు చేయగల కర్మాగారమిది. దానిలోని మూడు పెద్దకొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేరులు. అన్నపూర్ణ కొలిమిలో ఇనుము పొంగుచుండగా, గేటు బయట అన్నపూర్ణల రక్తమున ఇనుము కొరతపడియున్నది. కావలసినది టన్నులు కాదు, రోజునకు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే.

ఆ కొద్దిపాటి ఇనుమును ఇంటికి తెచ్చుకొను ఉపాయమొకటి మన పెద్దల వంటయింట ఉండెడిది. అది ఇనుపమూకుడు. ఇనుపపాత్రలో వండిన కూరలో ఇనుము కొంత కలియును. పులుపును, నీటితడియు ఉన్న వంటకమున మరింత కలియును. అందుచే చింతపండు వేసిన పులుసుకూరకు ఇనుపమూకుడు మేలు. అల్యూమినియము గిన్నెలును, మెరయు స్టీలుగిన్నెలును, అంటుకొనని పెనములును వచ్చి దానిని మూలకు నెట్టినవి. నల్లనిదని, బరువని, త్రుప్పుపట్టునని చాలమంది దానిని పాతసామానులవానికి వేసివేసిరి. మేము చూచిన ఇండ్లలో కొన్నిట అది నేటికిని పొయ్యిమీద ఉన్నది. అట్టి ఇండ్లలో మాకు నచ్చిన వంటలు కొన్ని, సోదరీమణుల ఉపయోగమునకై క్రింద వ్రాయుచున్నాము.

చోళ్ళ అంబలి. రాత్రి ఒక గ్లాసు చోళ్ళపిండిని మూడు గ్లాసుల నీటిలో ఉండలు లేకుండ కలిపి, మట్టికుండలోనో గాజుపాత్రలోనో మూతపెట్టి ఉంచవలెను. తెల్లవారునప్పటికి కొంచెము పులిసియుండును. గుప్పెడు బియ్యపునూకలను నాలుగు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించి, అందులో ఈ పిండినీళ్ళు పోసి, అడుగంటకుండ కలుపుచు పావుగంటసేపు సన్నని సెగపై ఉడికింపవలెను. చల్లారినపిమ్మట ఉప్పును తరవాణియు కలిపి పలుచన చేసికొని, ఉల్లిపాయతోను, మామిడికాయ ముక్కతోను త్రాగవలెను. తరవాణి లేనివారు నిమ్మరసము పిండుకొనవచ్చును. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అదే తూకము పాలలో ఉండునది అందులో సగమైనను లేదు. పాలు మానినవారికి ఎముకబలము ఎట్లని భయపడువారు ఈ సంగతి గమనింతురు గాక.

తోటకూర నువ్వుల పులుసు. ఇనుపమూకుటిలో రెండు చెంచాల నూనె కాచి, ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు వేచవలెను. శుభ్రపరచి తరిగిన రెండు కట్టల తోటకూరను, ముందుగా ఉడికించి ఉంచిన గుప్పెడు అలసందలను వేసి, నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి, పసుపు, ఉప్పు, చిన్న బెల్లపుముక్క చేర్చవలెను. కూర ఉడికినపిమ్మట, దోరగా వేచి దంచిన రెండు చెంచాల నువ్వులపొడి చల్లి, చిక్కబడగనే దింపవలెను. దింపిన వెంటనే వేరుగిన్నెలోనికి తీయుట ముఖ్యము. పులుసు మూకుటిలో నిలువయున్నచో నల్లబడి, చేదువాసన వేయును. మూకుటిని కడిగి, తడి తుడిచి, నూనెచేతితో రాచి ఉంచినచో త్రుప్పుపట్టదు.

దిబ్బరొట్టె. ఇది మన యిండ్ల కాల్పుడు వంటలలో పెద్దది. ఒక గ్లాసు మినపప్పును నానబెట్టి మెత్తగా రుబ్బి, నానబెట్టి పిండిన రెండు గ్లాసుల బియ్యపురవ్వను కలిపి, ఉప్పువేసి కొన్ని గంటలు పులియనీయవలెను. దళసరి ఇనుపమూకుటిలో నాలుగు చెంచాల నువ్వులనూనె పోసి, పిండిని రెండంగుళముల మందమున పరచి, మూతపెట్టి, మిక్కిలి సన్నని సెగపై అరగంటకు పైగా కాల్పవలెను. క్రిందివైపు ఎర్రని పెచ్చు కట్టినపిమ్మట తిరుగవేసి రెండవవైపు కాల్పవలెను. కుంపటి ఉన్న కాలమున మూతమీద నిప్పులు పోసెడివారు గనుక తిరుగవేయు శ్రమ లేకుండెడిది. క్రిందను పైనను వేడి తగులుటయే కదా, నేటి ఓవెన్ చేయు పనియు. ఈ రొట్టె పొంగుటకు సోడాయు అక్కరలేదు, గ్రుడ్డును అక్కరలేదు. పిండిలో పులుపు పుట్టించు సూక్ష్మజీవులే ఆ పని చేయును.

చోళ్ళకేకు. ఇది ఉక్కునగరపు పిల్లల పుట్టినరోజులకు తగినది. ఒక గ్లాసు గోధుమపిండి, అరగ్లాసు చోళ్ళపిండి, ఒక చెంచా బేకింగ్ పౌడరు, అరచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, ఏలకులపొడి కలిపి రెండుసారులు జల్లింపవలెను. ముప్పాతిక గ్లాసు బెల్లపుతురుమును ఒక గ్లాసు చిక్కని కొబ్బరిపాలలో కరగించి, వడియగట్టి, పావుగ్లాసునకు కొంచెము మించి నూనె చేర్చవలెను. రెంటిని ఉండలు లేకుండ కలిపి, కట్టకడపట రెండు చెంచాల నిమ్మరసము పోసి ఒక్కసారి కలిపి, నూనె రాచిన పాత్రలో సగము మించకుండ పోసి, ఆలస్యము చేయక కాల్పునకు పెట్టవలెను. సోడా పులుపుతో కలిసినంతనే బొగ్గుపులుసుగాలి పుట్టును. ఆ గాలి బుడగలే కేకును గుల్లచేయును. ఆలస్యమైనచో గాలి పోయి కేకు అణగిపోవును.

ఓవెన్ లేనివారు, పాతబడిన కుక్కరును గాని దళసరి మూతగిన్నెను గాని తీసికొని, అడుగున అంగుళముమందము శుభ్రమైన ఇసుకయో కల్లుప్పో పరచి, దానిపై చిన్న స్టాండు ఉంచి, పదినిమిషములు వేడి చేయవలెను. కుక్కరైనచో మూతకు రబ్బరును, బరువును తప్పక తీసివేయవలెను, నీరు పోయరాదు. పిండిపాత్రను స్టాండుపై ఉంచి, సన్నని సెగపై నలువది మొదలు ఏబది నిమిషములు కాల్చి, సన్నని పుల్ల గ్రుచ్చి చూడవలెను. పుల్లకు పిండి అంటనిచో కేకు సిద్ధమైనట్లే. పూర్తిగా చల్లారనిచ్చి తీయవలెను. బెల్లము కొనునప్పుడు పచ్చగా మెరయుదానికంటె గోధుమవన్నెదానిని ఏరుకొనుట మంచిది. రంగుకొరకు మందులు కలుపు అలవాటు కొన్నిచోట్ల కలదు.

ఉక్కునగరపు ఇల్లాండ్రకు ఈ వంటలవలన మరియొక సౌకర్యము కలదు. కర్మాగారమున పని మూడు షిఫ్టులుగా జరుగును. ఇంటి యజమాని ఒకవారము తెల్లవారుజామున, ఒకవారము మధ్యాహ్నము, ఒకవారము రాత్రి పనికి పోవును. నేడు స్త్రీలును ఉద్యోగములకు పోవుచున్నారు. భోజనముల వేళలు ఒక పద్ధతిలో నిలువవు. పెరుగు కలిపిన అన్నము ఎండవేళ క్యారియరులో పులిసిపోవును. పులిహోరయు, దిబ్బరొట్టెయు, నువ్వులపొడి కలిపిన అన్నమును సాయంత్రమువరకు రుచి తప్పవు.

ఇక జాగ్రత్తల మాట. ఇనుపమూకుడు సహాయమే కాని చికిత్స కాదు. గర్భిణి కాని స్త్రీకి రక్తమున హీమోగ్లోబిను 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనతగా ఎంచుదురు. ఊరక అలసట కలుగుచున్నను, మెట్లెక్కిన ఆయాసము వచ్చుచున్నను రక్తపరీక్ష చేయించుకొని, వైద్యులు చెప్పిన మాత్రలు వేసికొనవలెను. భోజనముతో నిమ్మరసమో, ఉసిరికాయయో, జామపండో చేర్చినచో శాకాహారములోని ఇనుము శరీరమునకు బాగుగా పట్టును. కాఫీ, టీలు భోజనముతోడనే త్రాగినచో పట్టదు. కనీసము గంట యెడముండవలెను. పాలు, గ్రుడ్లు మొదలగునవన్నియు పూర్తిగా మానదలచినవారు మరియొకటి మరువరాదు. బి12 అను విటమిను మొక్కలనుండి లభింపదు. తరవాణి, అంబలి మొదలగు పులిసిన పదార్థములను నమ్ముకొని యుండరాదు. దానిని మాత్రగానో, ఆ విటమిను చేర్చిన ఆహారముగానో తప్పక తీసికొనవలెను. గర్భిణులును, బిడ్డతల్లులును, చిన్నపిల్లలును వైద్యుని సలహా లేక ఆహారము మార్చుకొనరాదు. పసిబిడ్డకు తల్లిపాలకు సాటి మరియొకటి లేదు. అది ఏ నియమమునకును అడ్డు కాదు.

పాలు మానుటా మానకుండుటా అన్నది ఎవరియింట వారు నిర్ణయించుకొనదగిన సంగతి. పశువులపై జాలిచే మానువారు కలరు. పాలు పడక మానువారు కలరు. కొనలేక మానువారు అందరికంటె ఎక్కువగా కలరు. మేము చెప్పదలచినది ఒక్కటే. పాలు లేని భోజనము తక్కువ భోజనము కాదు, దానిలో పప్పు, ఆకుకూర, నువ్వులు, చోళ్ళు నిండుగా ఉన్నంతవరకు. ఇంటిల్లిపాది తినగా మిగిలినదానిని నీళ్ళతో మ్రింగుట మాత్రము ఏ పేరు పెట్టినను మంచి భోజనము కానేరదు. పులుసును మూకుటినుండి తీయునప్పుడు, ముందుగా ఇల్లాలి వంతు ఒక గిన్నెలో తీసి ప్రక్కనుంచు అలవాటు చేసికొందుము గాక. కోడలు సిగ్గుపడినచో అత్తగారు తీసి ఉంచవలెను. అత్తగారు మరచినచో కూతురు గుర్తుచేయవలెను. మూలపడిన ఇనుపమూకుటిని దింపి, తోమి, పొయ్యిమీదికెక్కించుటకు ఖర్చు లేదు. లేనివారు పండుగకు కొనదలచిన స్టీలుగిన్నెకు బదులు దానినే కొనుక్కొందురు గాక.